ఒప్పుకున్న ఆపరేటరు, ఒప్పుకోని మోడలు

నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం నా గురించి ఆఫీసులో ఒకటే మాట: "ఆయనకు ఊరికే కోపం వస్తుంది." ఊరికే ఎప్పుడూ రాలేదు. ప్రతిదానికీ కారణం ఉండేది, ఎవరూ అడగలేదంతే. రిటైరయ్యాక తగ్గుతుందని మా ఇంట్లోవాళ్ళు ఆశపడ్డారు. తగ్గలేదు గాని తీరిక దొరికింది. అందుకని ఒక్క కారణమైనా వివరంగా రాద్దామని కూర్చున్నాను. విద్యుత్ సంస్థల్లో కొత్తగా చేరి, కంప్యూటర్ ముందు కూర్చుని నెట్‌వర్క్ స్టడీలు చేస్తున్న మీ కోసం ఇది. మిగతావాళ్ళు చదివినా నాకు అభ్యంతరం లేదు.

నా పని కరెంటు వ్యవస్థను కంప్యూటర్‌లో కట్టడం. జనరేటర్లు, లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, వాటి చివర వాడకం, అన్నిటినీ అంకెలుగా ఎక్కించి, ఫలానా చోట రెండు తీగలు తగులుకుంటే మిగతా చోట్ల ఓల్టేజి ఏమవుతుందని అడిగితే, అది లెక్కగట్టి ఒక గీత గీసి చూపిస్తుంది. దాన్నే మోడల్ అంటాం. జనరేటర్లతో పేచీ లేదు. చేసిన కంపెనీవాడు వాటి జాతకమంతా అచ్చువేసి ఇస్తాడు. చిక్కంతా మోటార్లతోనే. ఆదోని పత్తి జిన్నింగ్ మిల్లుల్లో తిరిగేవి కొన్ని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల బోర్ల మీద తిరిగేవి లెక్కలేనన్ని. ఎన్నిసార్లు కాలి ఎన్నిసార్లు వైండింగ్ చేయించుకున్నాయో వాటికే తెలియాలి. ఆ వివరాలు పంపమని నేను ఏటా డివిజన్లకు రాసేవాణ్ణి. "త్వరలో పంపగలము" అని ఏటా జవాబు వచ్చేది. ఆ త్వరలో అన్నది నేను రిటైరయ్యేలోపల రాలేదు.

వివరాలు లేవని మోడల్ ఆగిపోతే బాగుండేది. ఆగదు. మనం ఖాళీ వదిలిన చోట తనకు తోచింది నింపుకుంటుంది. మా సంస్థ మోడల్‌ను నాకు ముందే ఒక కన్సల్టెంట్ కట్టి, బిల్లు తీసుకుని, మళ్ళీ కనబడకుండా పోయాడు. ఆయన పల్లెల వాడకమంతటినీ బల్బుల్లాగా పెట్టి వెళ్ళాడు. బల్బుకూ మోటారుకూ తేడా చెబుతాను, ఇంతకు మించి పాఠం పెట్టను. ఓల్టేజి పడిపోతే బల్బు మసకబారి తక్కువ కరెంటు తీసుకుంటుంది. మోటారు అలా కాదు. ఓల్టేజి పడిపోతే దాని వేగం తగ్గుతుంది, వేగం తగ్గేకొద్దీ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆగి మళ్ళీ మొదలయ్యేటప్పుడైతే మామూలుకు ఎన్నో రెట్లు లాగుతుంది. అందరి మోటార్లూ ఒకేసారి ఆ పని చేస్తే, అసలే కుంగిన ఓల్టేజి ఇంకా కుంగి అక్కడే కూర్చుంటుంది. బల్బుల మోడల్‌లో మాత్రం ఎంత పెద్ద కుదుపు వచ్చినా ఓల్టేజి రెప్పపాటులో లేచి నిలబడేది. మా పైఅధికారులకు ఆ గీత అంటే ప్రాణం.

ఇక జరిగింది చెబుతాను. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఒక సబ్‌స్టేషన్ ఉంది. ఎమ్మిగనూరు పట్టణానికి మంచినీళ్ళు తోడే పెద్ద మోటారు దాని మీదే నడిచేది, చుట్టుపక్కల పల్లెల బోర్లు కూడా దాని మీదే. ఒక వేసవి మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. లైను తీగలు ఎక్కడో ఒకదానికొకటి తగిలి, వెంటనే విడిపోయాయి. కరెంటు పూర్తిగా పోలేదు. ఓల్టేజి కుంగింది, మరి లేవలేదు. ఆ చాలీచాలని ఓల్టేజిలో నీళ్ళ మోటారు మూలిగి మూలిగి కాలిపోయింది. దాన్ని కాపాడాల్సిన రిలే ఎందుకు నిద్రపోయిందన్నది వేరే కోపం, దాన్ని ఇందులో కలపను.

మండుటెండల్లో పట్టణానికి నీళ్ళు ఆగిపోయాయి. ఆడవాళ్ళు బిందెలతో రోడ్డు మీద కూర్చున్నారు. బస్సులు నిలిచిపోయాయి. ఇలాంటప్పుడు మా సంస్థలో మొదట వెతికేది కారణాన్ని కాదు, మనిషిని. ఆ పూట సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న ఆపరేటరు దొరికాడు. కాంట్రాక్టు ఉద్యోగి కాబట్టి ఇంకా సులువుగా దొరికాడు. డ్యూటీకి రావద్దని చెప్పి విచారణ మొదలుపెట్టారు.

ఆ ఆపరేటరుది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. తాను మగ్గం వదిలి ఈ ఉద్యోగంలో చేరాడు, భార్య నేస్తూనే ఉంది. నోరు మూతపడని మనిషి. మంచివాడే గాని మాట మీద అదుపు లేదు. పైగా కాంట్రాక్టువాళ్ళందరికీ ఉన్న అలవాటు అతనికీ ఉంది. పైనుంచి ఏ అధికారి ఫోన్ చేసి ఏమడిగినా, ప్రశ్న పూర్తికాకముందే "తప్పైపాయ సార్, ఇంగొకపారి జరగదు" అనేస్తారు. నిజంగా తప్పు జరిగిందా లేదా అన్నదానితో ఆ మాటకు సంబంధం లేదు. మనం నమస్కారం పెట్టినట్టు వాళ్ళు ఆ మాట అంటారు. అటువైపు అధికారి చల్లబడతాడు, పని నడుస్తుంది. ఏళ్ళ తరబడి ఇలాగే నడిచింది.

విచారణాధికారి నాకు ఫోన్ చేశాడు. "మీ మోడల్ ప్రకారం తీగలు విడిపోయాక ఓల్టేజి ఎంతసేపట్లో లేస్తుంది?" అని అడిగాడు.

"సెకను కూడా పట్టదు. కానీ..." అన్నాను. ఆ "కానీ" ఆయన వినలేదు. అప్పటికే ఫోన్ పెట్టేశాడు. నా ఉద్యోగంలో నేను పలికిన "కానీ"లు ఎవరైనా విని ఉంటే ఆ ప్రాంతంలో సగం మోటార్లు కాలకుండా ఉండేవి.

నాలుగు రోజులకు కాగితం నా బల్ల మీదికి వచ్చింది. అందులో వాదన చూడండి. ఓల్టేజి దానంతటది లేస్తుందని కంప్యూటర్ మోడల్ చెబుతోంది. లేవలేదంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారు. కాబట్టి ఆపరేటరు కంగారులో ఊళ్ళకు పోయే లైన్లు, అంటే ఫీడర్లన్నీ తీసి, ఒకదాని తర్వాత ఒకటి నిదానంగా వెయ్యాల్సింది పోయి, అన్నీ ఒకేసారి వేసి ఉంటాడు. ఆ బరువుకే మోటారు కాలింది. కాబట్టి అతన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యాలి. ఏ ఫీడరు బ్రేకరు ఎప్పుడు తెరుచుకుందో రాసిపెట్టే యంత్రం ఆ సబ్‌స్టేషన్‌లో ఉంది, కానీ దాని గడియారాన్ని సరిచేసిన పాపాన ఎవరూ పోలేదు. అది చూపించే తేదీకి ఆపరేటరు ఇంకా ఉద్యోగంలోనే చేరలేదు. కాబట్టి సాక్షి ఒక్కటే మిగిలింది: నేను కూర్చుని నడిపే మోడల్.

నాకు ఒళ్ళు మండిపోయింది. బల్బులు పెట్టి కట్టిన మోడల్ ఒక మనిషి అన్నం తీసేయడానికి సాక్ష్యమా? టూర్ వేయించుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను.

బస్టాండు దగ్గర ఆపరేటరు మోటారుసైకిలు వేసుకుని వచ్చి నిలబడ్డాడు. కూర్చునీ కూర్చోకముందే మొదలుపెట్టాడు. "మీరెందుకు సార్ ఇంత ఎండలో? నేనే ఆ ఎంక్వైరీ సారు ఇంటికి పోయి, కాళ్ళమీద పడి, తప్పైపాయ అంటే ఇడిసిపెడ్తాడు."

"నువ్వు ఫీడర్లు తీశావా ఆ రోజు?"

"ల్యా సార్. నేనేం ముట్టలేదు. మీటర్లో ఓల్టేజి ముల్లు కిందికి పాయ, ఆడే ఉండిపాయ. నేను సూస్తా నిలబడితి."

"అన్నీ ఒకేసారి వేశావా?"

"తీసింటే గదా సార్ ఏసేది?"

"మరి తప్పేమిటి నీది?"

బండి మీద వెనక్కి తిరిగి, దారి చూడకుండా, "ఏదో ఒగటి ఉంటాది లే సార్" అన్నాడు. ముందు చూసి నడపమని అరిచాను. ఇలాంటి మనిషిని కాపాడడం ఎంత కష్టమో మీకు అర్థమవుతోందనుకుంటాను.

నాకు అనుమానం ఉన్నది ఆటో స్టార్టర్ల మీద. బోరు మోటారు పక్కన చిన్న డబ్బా. కరెంటు పోయినా, ఓల్టేజి కుంగి మోటారు ఆగినా, కరెంటు సరిపడా కనబడగానే అది తనంతట తానే మోటారును మళ్ళీ మొదలుపెడుతుంది. రైతు చేను దాకా వచ్చి బటన్ నొక్కాల్సిన పని లేదు. ఒక్క డబ్బా అయితే ఎవరికీ నష్టం లేదు. ఊరంతా డబ్బాలుంటే, ఓల్టేజి తల ఎత్తబోయిన ప్రతిసారీ అన్ని మోటార్లూ కలిసి దాన్ని మళ్ళీ కిందికి లాగుతాయి. అందుకే మా సంస్థ వాటిని ఎప్పుడో నిషేధించింది.

మొదటి చేను దగ్గర రైతు తువ్వాలు తలకు చుట్టుకుని మోటారు రేకుల షెడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆఫీసు మనుషులని బండి దిగకముందే పసిగట్టాడు.

"ఆటో ఉందా పెద్దాయనా?" అని అడిగాను.

"ఆటోనా? అట్లాంటివి మాకాడ ఉండవు సార్. పొద్దున్నే నేనే వచ్చి బటన్ ఒత్తుకుంటా. మళ్ళా నేనే వచ్చి ఆపుకుంటా."

అప్పటిదాకా కరెంటు లేదు. సరిగ్గా ఆయన ఆ మాట అంటుండగా వచ్చింది. షెడ్డులో టక్కుమంది. మోటారు మొదలైంది. పైపులోంచి నీళ్ళు దూకాయి. పక్క చేలో టక్, దాని అవతల టక్. చూపు ఆనినంత మేర ఒక్క మనిషి లేడు, మోటార్లన్నీ తిరుగుతున్నాయి. రైతు మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. "ఆపుకుంటా" అన్న మాట మీదే నిలబడి ఉన్నాడు.

నేను ఏదో అనబోయేలోపల ఆపరేటరు బండి స్టాండు వేసి వచ్చాడు. "పెద్దాయనా, డబ్బాలు పీకను రాలేదు సారు. నీళ్ళ మోటరు కాలినాది గదా, అది నేనే కాల్చినానని నా పని తీసేస్తాండారు. ఈడ ఆటోలు ఉండాయని తెలిస్తే సారు నన్ను బతికిస్తానంటాండాడు."

రైతు షెడ్డు ముందు నుంచి పక్కకు జరిగాడు. "ఆ మాట ముందే సెప్పకూడదాప్పా? రాండి, సూసుకోండి. నాకాడనే కాదు, అందరికాడా ఉండాయి." నా వైపు తిరిగి గట్టిగానే అన్నాడు: "పెట్టుకోకుంటే ఎట్ల సార్? కరెంటు ఎప్పుడొస్తాదో ఇచ్చేటోళ్ళు మీకే తెలీదు. మాకు యాడ తెలుస్తాది?"

ఆ రోజూ మర్నాడూ ఊరూరా తిరిగాం. ఆటో లేని బోరు చూపించమంటే ఎవరూ చూపించలేకపోయారు. మోటార్ల మీద రాసి ఉన్న శక్తి ఒకటి, వైండింగ్ షాపువాడు పెంచి ఇచ్చింది ఇంకొకటి. వైండింగ్ షాపుల్లో కూడా కూర్చుని అడిగాను. వాళ్ళు టీ తెప్పించి మరీ చెప్పారు. నేను ఏటా రాసిన ఉత్తరాలకు దొరకని వివరాలు రెండు టీలకు దొరికాయి.

తిరిగి వచ్చి కూర్చుని ఆ సబ్‌స్టేషన్ కింద బల్బులన్నీ తీసేశాను. వాటి చోట మోటార్లు పెట్టాను, మోటార్లకు ఆటోలు తగిలించాను. తీగలు తగిలి విడిపోయినట్టు చూపించి నడిపాను. గీత పడింది. కొంచెం లేవబోయింది, మళ్ళీ పడింది, అక్కడే ఉండిపోయింది. ఆపరేటరు చూసినట్టు చెప్పిన ముల్లు కూడా ఇదే పని చేసింది. ఎవరూ ఏ ఫీడరూ ముట్టుకోనక్కర్లేదు. నా జీవితంలో పడిపోయిన ఓల్టేజిని చూసి సంతోషపడింది ఆ ఒక్కసారే.

విచారణ ఆదోని ఆఫీసులో. ముందురోజు ఆపరేటరుకు ఫోన్ చేసి మరీ చెప్పాను. "రేపు నిన్ను ఒక్కటే అడుగుతారు, ఏం జరిగిందని. జరిగింది చెప్పు. తప్పైపోయింది అన్న మాట మాత్రం నోట్లోంచి రాకూడదు."

"అననే అనను సార్. మా ఇంటి దేవునిమీద ఒట్టు."

విచారణాధికారి బల్బుల గీత, మోటార్ల గీత రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. తెలివైనవాడే. మనిషి చెడ్డవాడు కూడా కాదు. చాలాసేపు చూసి "బాగుంది. చాలా బాగా చేశారు" అన్నాడు. నేను ఊపిరి తీసుకున్నాను. "అయితే ఒక ఇబ్బంది. ఇందులో ఆటో స్టార్టర్లు పెట్టారు."

"అవును సార్."

"అవి వాడకూడదని మన సర్క్యులర్ ఉంది."

"ఉంది సార్. వాళ్ళు వాడుతున్నారు."

"వాడుతున్నారని మీరు మోడల్‌లో పెడితే, అవి ఉన్నాయని సంస్థ ఒప్పుకున్నట్టు. ఉన్నాయని తెలిసీ ఎందుకు తీయలేదని రేపు మనల్నే అడుగుతారు."

"సార్, ఉన్నాయి. కళ్ళతో చూసి వచ్చాను."

"ఉండకూడదు."

"ఉండకూడదు సార్, కానీ ఉన్నాయి!"

"మీ మోడల్‌లో ఉండాల్సినవి పెడతారా, ఉన్నవి పెడతారా?"

ఈ ప్రశ్న ఆయన నిజంగానే అడిగాడు. వెటకారం లేదు. నేను అప్పుడు కుర్చీలోంచి లేచాను. గొంతు కూడా లేచింది. సర్క్యులర్ ఇస్తే మోటారు ఆగదని, బల్బుల లెక్కతో మనిషి ఉద్యోగం తీస్తే రేపు ఇంకో మోటారు కాలుతుందని, అప్పుడు ఇంకో మనిషిని వెతుక్కోవాల్సి వస్తుందని అరిచాను. ఆయనా అరిచాడు. బయట బెంచీ మీద కూర్చున్న ఆపరేటరుకు అంతా వినబడింది. చివరికి ఆయన చెమట తుడుచుకుని, "సరే. ఇది నేను తేల్చేది కాదు. మీ స్టడీ జతచేసి పైకమిటీకి పంపిస్తాను. ముందు అతన్ని పిలవండి, ఒకసారి అడిగి ముగిద్దాం" అన్నాడు. నేను గెలిచాననే అనుకున్నాను.

ఆపరేటరు లోపలికి వచ్చాడు. చెప్పులు బయటే విప్పాడు. అధికారి మొహం చూశాడు. ఎర్రబడ్డ నా మొహం చూశాడు.

"చెప్పవయ్యా, ఆ రోజు ఏం జరిగింది?"

చేతులు రెండూ జోడించాడు. "తప్పు నాదే సార్. కంగారులో అన్నీ తీసి అన్నీ ఒకేపారి ఏసినా. ఇంగొకపారి జరగదు సార్."

అధికారి మొహం తేటపడింది. ఆయనకు కావలసినవన్నీ ఒక్క ముక్కలో దొరికాయి. ఆటోలు లేవు, సర్క్యులర్ భద్రం, కమిటీ అక్కర్లేదు, కారణం దొరికింది. ఇలా ఎదురుగా నిలబడి ఒప్పుకున్నవాణ్ణి తీసేయడానికి ఆయనకూ మనసు ఒప్పలేదు. చాలాకాలంగా పనిచేస్తున్నాడు, నిజాయితీగా ఒప్పుకున్నాడు కాబట్టి హెచ్చరికతో వదిలేస్తున్నామని, మర్నాటి నుంచి డ్యూటీలో చేరవచ్చని అక్కడికక్కడే రాయించాడు. అందరికీ టీ వచ్చింది. ఆపరేటరు నా గ్లాసు తనే అందించాడు. నేను దాన్ని బల్ల మీదే వదిలేసి లేచాను.

బయటికొచ్చాక పట్టుకున్నాను. "ఒట్టు పెట్టావు కదయ్యా! ఎందుకన్నావు ఆ మాట?"

"మీరూ సారూ అట్ల అరుసుకుంటాంటే భయమేసినాది సార్. నాకోసరం మీకేమన్నా అయితాదేమోనని..." తల గోక్కున్నాడు. "పని మళ్ళా వచ్చేసినాది గదా సార్. ఇంగేం కావల్ల?"

నన్ను కాపాడాడన్నమాట! కంప్యూటర్ ముందు నేను ఖర్చుపెట్టిన రోజులు, ఎండలో తిరిగిన ఊళ్ళు, అన్నీ ఆ జోడించిన చేతుల ముందు ఎందుకూ కొరగాకుండా పోయాయి. ఉన్న ఆటోలను సంస్థ ఒప్పుకోదు, చేయని తప్పును ఇతను ఒప్పుకుంటాడు. ఈ రెండిటి మధ్య ఇంజనీరన్నవాడు చేసే పని ఏముంటుంది? ఆ రాత్రి అన్నం మీద కూడా కోపం చూపించానని మా ఇంట్లో ఇప్పటికీ చెబుతారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కొన్నాళ్ళకు ఆపరేటరు ఫోన్ చేశాడు. గొంతులో ఎప్పుడూ ఉండే హుషారు లేదు. "సార్, మీ కంప్యూటరు తీసుకోని ఒకపారి మా ఇంటికి రావల్ల సార్. మా ఆడమనిషికి సెప్పల్ల."

సంగతేమిటంటే, ఒప్పుకున్నాడన్న కబురు అతనికంటే ముందే పట్టణం చేరింది. కొత్త మోటారు వచ్చేదాకా ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు అతని భార్యను నిలదీశారు. నీ మొగుడి చేతుల వల్ల మా పిల్లలు నీళ్ళకు ఏడ్చారన్నారు. ఆమె కూడా అదే వరసలో నిలబడిన మనిషి. తన భర్త ఏమీ చేయలేదని మొదట్లో పోట్లాడింది. తనే ఒప్పుకున్నాడని తెలిశాక ఇక పోట్లాడడానికి ఏమీ మిగల్లేదు. ఇంటికొచ్చి మాట మానేసింది. అన్నం పెడుతుంది, మాట్లాడదు. నోరు మూతపడని మనిషికి అంతకంటే శిక్ష ఉండదు.

వెళ్ళాను. ఇంటికి వెళ్ళి లాప్‌టాప్ తెరిచి స్టడీ చూపించడం నా ఉద్యోగంలో అదే మొదలు, అదే చివర. ఆమె మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, చేతులు తుడుచుకుని, నాకు పీట వేసి, ఎదురుగా కూర్చుంది. భర్త గుమ్మంలో నిలబడ్డాడు. బల్బులు, మోటార్లు, ఆటోలు, అన్నీ చెప్పాను. కమిటీలో చెప్పడానికి సిద్ధం చేసుకున్నదంతా అక్కడ చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆమె తల ఊపలేదు. అర్థమైనవి వదిలేసి కానివి మాత్రం మళ్ళీ అడిగింది. అంత శ్రద్ధగా నా స్టడీ ఇంకెవరూ వినలేదు.

"అంటే ఈయప్ప ఆ పొద్దు ఏమీ సేయలేదు?"

"ఏమీ చేయలేదమ్మా."

గుమ్మం వైపు తిరిగింది. అన్ని రోజుల తర్వాత అతనితో మాట్లాడిన మొదటి మాట అది. "సేసినానని ఎందుకు సెప్తివి?"

"సార్లు అరుసుకుంటాంటిరి..." అన్నాడతను.

"వాళ్ళు అరుసుకుంటే నువ్వు దొంగవైతావా?" అని, మళ్ళీ నా వైపు చూసింది. "ఈ గీత ఆ సారు సూసినాడా?"

"చూశాడు."

"ఏమన్నాడు?"

"బాగుందన్నాడు."

"బాగుందని సెప్పి, తప్పు మాత్రం ఈయప్పదని రాసినాడా?"

"అలాగే రాశాడమ్మా."

"నాకు సూపిస్తిరి, నేను నమ్మినా సార్. నీళ్ళకాడ ఆడోళ్ళకు నేనేం సూపించల్ల? యాడ రాసినారో ఆడ మార్పించండి."

"వద్దు సార్!" భర్త లోపలికి వచ్చేశాడు. "మీకు దండం పెడతా. కదిలిస్తే ఉన్నది కూడా పోతాది."

ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టుకుని వాదులాడుకున్నారు. పని పోతే తినేదేమిటని అతను, తలెత్తుకోకుండా తినేదేమిటని ఆమె. వినీ వినీ నాకు విసుగొచ్చింది. "ఉద్యోగం నీది, పేరూ నీదే. పైకి పంపమంటే పంపుతాను, వద్దంటే లాప్‌టాప్ మూసేసి బస్సెక్కుతాను. ఏదో ఒకటి చెప్పు" అన్నాను.

అతను భార్యను చూశాడు. ఆమె లేచి మగ్గం దగ్గరికి పోబోతోంది. మళ్ళీ మౌనం మొదలవుతుందని అతనికి అర్థమైంది.

"పంపండి సార్" అన్నాడు. "ఈమె మాట్లాడకుంటే నేను బతకలేను."

పంపాను. విచారణలో అన్న మాట భయంతో అన్నదేనని అతను రాసిచ్చాడు. నా స్టడీతో కలిపి, విచారణాధికారిని దాటి పైకి పంపాను. అందుకు నాకు అక్షింతలు పడ్డాయి, అవి అలవాటే. ఎన్నో ఉత్తరాల తర్వాత హెచ్చరిక రద్దయింది. కాగితంలో "సాంకేతిక కారణములు" అని రాశారు. ఆ కారణం ఏమిటో రాయలేదు, రాస్తే ఆటోలు ఉన్నాయని తేలిపోతుంది. ఆ తర్వాత కొద్దిరోజులకే అతన్ని పరిపాలనా సౌలభ్యం కోసం కర్ణాటక అంచున ఉన్న హొళగుంద వైపు మార్చారు. ఎవరి సౌలభ్యమో అడక్కండి. రోజూ బస్సులో అంత దూరం పోయి వస్తూ, కన్నడం వచ్చిన ప్రతి మనిషితోనూ తెలుగులో మాట్లాడి విసిగిస్తూ, నాకు బస్సులోంచి ఫోన్ చేసి సణిగేవాడు. "మీరు, మా ఇంట్లోది కలిసి నన్ను ఈడికి తోలినారు సార్." అయితే రద్దు కాగితం వచ్చిన రోజు ఆమె దాని నకలు పట్టుకుని నీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళిందని కూడా అతనే చెప్పాడు.

నా మోటార్లు మాత్రం సంస్థ మోడల్‌లోకి ఎక్కలేదు. నిషేధం ఉన్నంత కాలం ఆటోలు లేవు, ఆటోలు లేవు కాబట్టి ఓల్టేజి లేస్తుంది. నేను రిటైరైన రోజున కూడా ఆ గీత రెప్పపాటులో లేచి నిలబడే ఉంది. మీలో ఎవరి చేతికైనా ఆ ఫైలు వచ్చి ఉంటే, దయచేసి ఆ బల్బులు పీకెయ్యండి. ఖాళీ గడుల్లో కంప్యూటర్ ఏం నింపుకుందో చూడకుండా సంతకం పెట్టకండి. మీరు గీసిన గీత ఓల్టేజి గురించే అనుకుంటారు మీరు. అది ఎక్కడికో పోయి ఒక మనిషి మీద సాక్ష్యం చెబుతుంది, మీకు తెలియను కూడా తెలియదు.

పోయిన వేసవిలో ఆపరేటరు మళ్ళీ ఫోన్ చేశాడు. రిటైరైన మనిషికి ఇంకెవరు చేస్తారు. ఈసారి బస్సు చప్పుడు లేదు.

"సార్, ఈ పొద్దు మా సబ్‌స్టేషన్‌లో ఓల్టేజి కుంగినాది. గాలి. ఒక మిల్లులో మోటరు కాలినాది."

"నువ్వు డ్యూటీలో ఉన్నావా?"

"నేనే సార్. పెద్దసారు ఫోను సేసినాడు. తీయంగానే, ఏం సేసినావురా అన్నాడు." ఆగాడు. అతను మాట మధ్యలో ఆగడం నేను అంతకుముందు వినలేదు. "తప్పైపాయ అని నోటిదాకా వచ్చినాది సార్. మింగేసినా."

నేను లేచి నిలబడ్డాను. "మరేమన్నావు?"

"నేనేం సేయలేదు సార్ అంటి. ఓల్టేజి కుంగినాది, ఊర్లలో మోటర్లన్నీ ఒకేపారి లాగినాయి, అంతే అంటి. సారు ఏమీ అనలేదు. సూద్దాం లే అని పెట్టేసినాడు."

"ఇంట్లో చెప్పావా?" అని అడిగాను.

"ముందు ఆమెకే సేసినా సార్ ఫోను. తర్వాతే మీకు."